ఆషాఢం రిబేటు నుంచి అర్ధరాత్రి సేలు దాకా

(స్వర్ణోత్సవాల రెండో రోజు సాయంత్రం పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1986 పదో తరగతి బ్యాచ్. హబ్సిగూడలో ఫ్యాన్సీ అండ్ జనరల్ స్టోర్ నడుపుతున్నారు.)

  వెనక వరుసలో కూర్చున్న మిత్రులారా, మీరు అప్పుడూ వెనకే, ఇప్పుడూ వెనకే. 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, పొద్దున్నుంచి డాక్టర్లు, సైంటిస్టులు, అమెరికా వాళ్లు మాట్లాడుతున్నరు. సాయంత్రానికి జనం అలసిపోతరు. నువ్వు సరదాగా ఏదైనా చెప్పు. పండుగలు, సినిమాలు, సేళ్లు, ఇట్లాంటివి" అన్నాడు. అంటే నేను ఈ సభకు ఆషాఢం సరుకునన్నమాట. రిబేటు మీద వచ్చాను. అరగంట అడిగితే ఇరవై నిమిషాలు ఇచ్చారు, అందులోనూ తగ్గింపే.

మా షాపు మీలో చాలామందికి తెలుసు. స్ట్రీట్ నంబర్ 8 నుంచి లోపలికి తిరిగే గల్లీలో, రేకు షట్టరు, పైన నీలం బోర్డు. మా నాయన పెట్టిండు. అప్పట్లో హబ్సిగూడ అంటే ఇటు ఎన్‌జీఆర్‌ఐ, అటు ఆర్‌ఆర్‌ఎల్, మధ్యలో మేము. ఆర్‌ఆర్‌ఎల్ 1989లో ఐఐసీటీ అయింది గానీ, మా నాయన ఉద్దెర పుస్తకంలో మాత్రం చివరిదాకా ఆర్‌ఆర్‌ఎల్ అనే రాసిండు. వాళ్ల జీతాల రోజే మా పండుగ రోజు. పేరు పెట్టి మరీ చెప్పేవాడు: "సైంటిస్టు అయినా సరే, ఇరవై అయిదో తారీఖు దాటితే ఉద్దెరే."

అందరికీ సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. కొందరికి జనవరి ఒకటితో. షాపు వాడికి మాత్రం జూన్‌తో మొదలవుతుంది. ఎందుకో చెప్తాను.

జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారు. దానికోసం మే నెల మధ్యలోనే బేగంబజార్ వెళ్లి సరుకు తెచ్చుకోవాలి. నోటు పుస్తకాలు, అట్టలకు బ్రౌన్ షీట్లు, లేబుళ్లు, కంపాస్ పెట్టెలు, రిబ్బన్లు, సాక్సులు. ఈ పదిహేను రోజుల్లో అమ్మింది అమ్మినట్టు, మిగిలింది మిగిలినట్టు. ఆగస్టులో ఎవరూ కంపాస్ పెట్టె కొనరు. ముల్లు పోతే ఒక్క ముల్లు అడుగుతారు. లేబుళ్ల మీద ఏ బొమ్మ ఉందన్నదే మొత్తం వ్యాపారం. ఒక ఏడు చిరంజీవి, ఒక ఏడు కపిల్ దేవ్, ఆ తర్వాత సచిన్. వినాయకుడి లేబుల్ మాత్రం ఎప్పుడూ పోతుంది. మా నాయన అనేవాడు, "హీరోలకు ఫ్లాపులుంటయి, దేవుడికి ఉండవు."

జూన్ ఐపోగానే ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు. కొత్త కోడళ్లు పుట్టింటికి పోతారు. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటారు కదా. బట్టల షాపుకు ఇంతకంటే చెడ్డకాలం లేదు. పై నెల శ్రావణం. వరలక్ష్మీ వ్రతం, పెళ్లి ముహూర్తాలు, రాఖీ, ఒకదాని వెనక ఒకటి. దానికి కొత్త సరుకు తేవాలంటే చేతిలో రొక్కం కావాలి. రొక్కం ఎక్కడుంది? ఎండాకాలం పెళ్లిళ్లకు తెచ్చి అమ్ముడుపోని చీరల్లో ఇరుక్కొని ఉంది. దాన్ని విడిపించుకోవడమే ఆషాఢం రిబేటు. షాపు వాడు లాభం కోసం కాదు, శ్రావణం కోసం అమ్ముకుంటాడు. ఇది అసలు సూత్రం. ఆప్కో షాపుల్లో చేనేత మీద రిబేటు ఇచ్చిన రోజుల నుంచీ ఆ మాట మన ఇళ్లల్లో తెలుగు మాటే అయిపోయింది. తర్వాత పెద్ద పెద్ద షాపులు వచ్చి ఆషాఢాన్నే పండుగ చేశాయి. ఆషాఢంలో అమ్మడానికే ప్రత్యేకంగా సరుకు నేయించే రోజులొచ్చాయి. ఇక సూత్రం తలకిందులైంది. హైదరాబాదు వాళ్లకైతే ఆషాఢం ఏనాడూ ఖాళీ నెల కాదు. గోల్కొండలో మొదలై ఊరంతా బోనాలే. గాజులు, గోరింటాకు, పసుపు, కుంకుమ. మా చిన్న షాపును ఆషాఢంలో బతికించింది రిబేటు కాదు, బోనాలు.

శ్రావణం తర్వాత వినాయక చవితి. ఇక్కడ సినిమా ప్రవేశిస్తుంది. 2015లో 'బాహుబలి' వచ్చింది, ఆ చవితికి వినాయకుడికి కండలొచ్చాయి. 2022లో 'పుష్ప' వినాయకుడు, 'ఆర్ఆర్ఆర్' వినాయకుడు. ఒక పిల్లాడు మా షాపు ముందు నిలబడి, "అంకుల్, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న గణపతి ఎక్కడ దొరుకుతడు?" అని అడిగాడు. పక్కనున్న వాళ్ల నానమ్మ, "నాయనా, ఆయనకు తొండముంది, గడ్డం యాడ కనపడతది?" అంది. నేను ఇంతవరకు ఆమె ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను.

సినిమా సరుకు గురించి నాకు ఒక అనుభవం ఉంది. 1989 చివర్లో హిందీలో 'మైనే ప్యార్ కియా' వచ్చింది. మనకు 'ప్రేమ పావురాలు' అని తెలుగులో కూడా వచ్చింది. అందులో ఫ్రెండ్ అని రాసి ఉన్న టోపీ ఒకటి ఉంటుంది. ఊరంతా ఆ టోపీ. నేను అప్పుడే కాలేజీ మానేసి గల్లా దగ్గర కూర్చున్నాను. మా నాయన రెండు డజన్లు తెచ్చి పది రోజుల్లో అమ్మేశాడు. నాకు ఆశ పుట్టి, ఆయనకు చెప్పకుండా బేగంబజార్ పోయి పన్నెండు డజన్లు తెచ్చాను. నేను తెచ్చిన వారానికి టోపీ పాతబడింది. ఊరికి ఫ్రెండ్స్ అయిపోయారు, నాకు మిగిలారు. మా నాయన తిట్టలేదు. ఒక్క మాటన్నాడు: "సినిమా సరుకు పాల లెక్క. ఇరిగేలోపు అమ్మాలె." ఆ టోపీలు రెండేళ్లపాటు మన గల్లీ క్రికెట్ జట్టుకు యూనిఫాం అయ్యాయి. ఆ జట్టు వాళ్లు ఈ హాల్లో కనీసం నలుగురున్నారు. నవ్వుతున్నారు కాబట్టి దొరికిపోయారు.

అదే ఫ్రెండ్స్ తర్వాత నా బాకీ తీర్చారు. 1998లో 'కుచ్ కుచ్ హోతా హై' వచ్చింది, ఆగస్టు మొదటి ఆదివారం ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు మొదలయ్యాయి. ఒక్కో పిల్లవాడు మోచేతిదాకా కట్టుకునేవాడు. రాఖీలు మిగిలితే వాటినే కొంచెం మార్చి ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లుగా అమ్మిన షాపులున్నాయి. మా షాపు పేరు నేను చెప్పను.

బతుకమ్మ, దసరా మా అసలు పంట. 2014లో రాష్ట్ర పండుగ అయిన తర్వాత కాలనీల్లో బతుకమ్మ ఇంకా పెద్దదైంది. తంగేడు, గునుగు మేం అమ్మలేం. కానీ గునుగు పూలకు అద్దే రంగులు, తాంబాళాలు, గాజులు, పిల్లలకు లంగా మీదికి లేసులు, ఇవన్నీ మా దగ్గరే. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు షట్టరు దించేసరికి రాత్రి పదకొండు.

దీపావళికి మా షాపులో టపాసులు లేవు, కానీ టీవీ ఉంది. ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ. మన పక్కనే తయారైంది కదా, ఇంటి పిల్ల లాంటిది. 1987 జనవరిలో 'రామాయణం' మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు మా షాపులో ముప్పై మంది ఉండేవాళ్లు. ఒక్కరూ ఏమీ కొనేవాళ్లు కాదు. అయిపోయాక మొహమాటానికి ఒక్కో అగ్గిపెట్టె కొని పోయేవాళ్లు. మా నాయన లెక్క వేసి, వెదురు విల్లులు, బాణాలు, అట్ట గదలు తెచ్చి పెట్టిండు. పిల్లలు సీరియల్ మధ్యలోనే ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. అప్పుడు మాకు తెలియదు గానీ, ఇవాళ టీవీలో సీరియల్ మధ్యలో వచ్చేదంతా ఆ వ్యాపారమే.

ఇక జనవరి. గ్రీటింగ్ కార్డులు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు, సినిమా హీరోల ఫొటోలతో నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షల కార్డులు కట్టలు కట్టలు పోయేవి. ఆడపిల్లలు గులాబీ పువ్వు, మగపిల్లలు హీరో. అభిమానుల కొట్లాటలు రాకుండా మా నాయన కార్డులన్నీ కలిపి ఒకే డబ్బాలో వేసేవాడు. సంక్రాంతికి సినిమాలు పోటీపడటం కొత్తేం కాదు. 1977 జనవరి 14న ఒకే రోజు ఎన్టీఆర్ గారి 'దానవీరశూర కర్ణ', కృష్ణ గారి 'కురుక్షేత్రం' విడుదలయ్యాయి. రెండూ మహాభారతమే. నాచారంలో రామకృష్ణ స్టూడియో ఉన్న ప్రాంతం మనది, తార్నాకలో ఆరాధన, నాచారంలో వైజయంతి మన హాళ్లు. సినిమా మనకు కూరగాయల బండి అంత దగ్గర. మొన్న 2025 సంక్రాంతికి వెంకటేశ్ గారి సినిమా పేరే 'సంక్రాంతికి వస్తున్నాం' అని పెట్టారు. పండుగకూ సినిమాకూ మధ్య ఉన్న ఆ చిన్న గోడ కూడా పోయింది.

జనవరిలో మా గిరాకీని ఎత్తుకుపోయేది ఇంకొకటుంది. నుమాయిష్. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో. స్వెటర్లు, దుప్పట్లు, పింగాణీ కప్పులు, మిర్చి బజ్జీ. మా షాపులో యాభై రూపాయలకు ఇచ్చే వస్తువును అక్కడ ఎనభైకి బేరమాడి అరవైకి కొని, ఇంటికి పోతూ నాకు చూపించి సంతోషపడే మా గల్లీ వదినలున్నారు. నేను కూడా "చాలా సస్తా వదినా" అంటాను. కానీ ఆ నుమాయిష్ గురించి ఒక సంగతి తెలిసిన తర్వాత నాకు దాని మీద కోపం పోయింది. దాన్ని 1938లో మొదలుపెట్టింది వ్యాపారులు కాదు. ఉస్మానియాలో చదువుకున్న పట్టభద్రులు. అంటే మనలాంటి పూర్వ విద్యార్థులే. మొదట పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టారు, 1946లో నాంపల్లికి మారింది. దానిమీద వచ్చే డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అలా వచ్చినవే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఎండాకాలం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకప్పుడు కుండలు, తాటాకు విసనకర్రలు, ఆవకాయ జాడీలు. ఇప్పుడు ఐపీఎల్. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే మన మెయిన్ రోడ్డంతా నారింజ రంగు. ఫుట్‌పాత్ మీద టీషర్టు, ముఖానికి రంగు, జెండా. 2024 మార్చిలో మన హైదరాబాద్ జట్టు ముంబై మీద 277 కొట్టిన రోజు, మ్యాచ్ సగంలోనే జెండాలు అయిపోయాయని అమ్మేవాళ్లు తల పట్టుకున్నారు. నేను మాత్రం టోపీలు తేలేదు. బుద్ధి వచ్చింది కదా.

ఇంతవరకు సరదా. ఇప్పుడు మారిన కాలం.

ఆబిడ్స్‌లో 2001లో బిగ్ బజార్ వచ్చింది. 2006 జనవరి 26న వాళ్లు దేశమంతా పెద్ద సేలు పెట్టారు. గణతంత్ర దినం కూడా షాపింగ్ పండుగ అవుతుందని అప్పుడే తెలిసింది. అయినా మేం భయపడలేదు. ఉప్పు ప్యాకెట్ కోసం ఎవరు ఆబిడ్స్ పోతారు? తర్వాత 2014 అక్టోబర్ 6. దసరా అయిపోయి మూడు రోజులు, దీపావళి ఇంకా రాలేదు. ఫ్లిప్‌కార్ట్ వాళ్లు బిగ్ బిలియన్ డే పెట్టారు. ఆ రద్దీకి వాళ్ల సైటే మొరాయించింది, క్షమాపణ చెప్పుకున్నారు కూడా. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. పొద్దున ఎనిమిదికి ఫోన్ పట్టుకొని కూర్చుంది. "ఏం కొంటున్నవమ్మా?" అంటే, "పెన్‌డ్రైవ్ నాన్నా, తక్కువకు వస్తుంది" అంది. పెన్‌డ్రైవ్ మన షాపులోనే ఉంది. నేను గల్లాలో ఉండగా మా ఇంట్లోనే నా గిరాకీ పోయింది.

కోపం రాలేదు. ఎందుకంటే వాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మా ఆషాఢం రిబేటునే అర్ధరాత్రికి మార్చారు. "ఇంకా రెండే ఉన్నాయి" అని ఫోన్‌లో వస్తుంది చూశారా, ఆ మాట మా నాయన 1980లోనే అనేవాడు, లోపల ఇరవై పెట్టుకుని. తేడా ఒక్కటే. మా నాయన ఆ మాట ఎవరితో అనాలో, ఎవరితో అనకూడదో తెలిసి అనేవాడు.

ఇక 2020. ఆ ఏడు జూన్ రాలేదు. క్యాలెండర్‌లో వచ్చింది గానీ బళ్లు తెరవలేదు. మే నెలలో తెచ్చుకున్న నోటు పుస్తకాలు అలాగే కట్టల్లో ఉన్నాయి. పైగా అధిక ఆశ్వయుజం రావడంతో దసరా నెల వెనక్కి జరిగింది. బతుకమ్మకైనా నాలుగు రూపాయలు వస్తాయని అప్పు చేసి సరుకు తెచ్చాను. అక్టోబర్ 13 రాత్రి వాన మీకందరికీ గుర్తే. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. ఇటు రామంతాపూర్ చెరువు నిండి మన గల్లీల్లోకి నీళ్లొచ్చాయి. పొద్దున షట్టరు ఎత్తేసరికి మోకాలి పైన నీళ్లు. లేసులు, రంగులు, గాజుల పెట్టెలు, జూన్ నోటు పుస్తకాలు అన్నీ తేలుతున్నాయి. గునుగు పూలకు అద్దాల్సిన రంగులన్నీ షాపు నీళ్లకు అద్దుకున్నాయి. ఒక మూల ఎరుపు, ఒక మూల పచ్చ. అంత దుఃఖంలో కూడా చూడ్డానికి బాగుంది.

ఆ రోజే షాపు మూసేద్దామని నిర్ణయించుకున్నాను. అప్పటికే మొబైల్ షాపు వాళ్లు అద్దెకు అడుగుతున్నారు. కూర్చొని తినొచ్చు.

సామాను తీస్తుంటే అటక మీద మా నాయన ఉద్దెర పుస్తకాలు దొరికాయి. ఎర్ర గుడ్డ అట్టలవి. పైన నీళ్లు కారి తడిశాయి. పారేయడానికి మనసొప్పక మేడ మీద ఎండబెట్టాను. గాలికి పేజీలు తిరుగుతుంటే చదివాను. 1981 జూన్. ఒక ఖాతా పేరు "లె.మా." అంటే లెక్కల మాస్టారు. కింద పద్దు: నోటు పుస్తకాలు 6 జతలు, సాక్సులు 4, కంపాస్ 3. పక్కన చిన్నగా పిల్లల పేర్లు. 1982 జూన్, అదే. 1983, అదే. పద్నాలుగు జూన్‌లు. ప్రతి ఏడూ దసరాలోగా నెలకింత అని చెల్లు. మన మాస్టారు తన క్లాసులో పుస్తకాలు లేని పిల్లలకు మా నాయన చేత ఇప్పించి, ఉద్దెర తన పేరున రాయించుకునేవారు. ఆ పిల్లలకు తెలియదు. షాపులో ఉన్న నాకే తెలియదు. ఆ పేర్లు నేను ఇక్కడ చదవను. వాళ్లలో కొందరు ఈ హాల్లో ఉన్నారు.

అంతవరకైతే నేను మాస్టారికి మనసులో దండం పెట్టుకొని ఊరుకునేవాణ్ణి. కానీ 1984 పుస్తకంలో ఆ ఖాతాకు జమ వైపు ఒక పద్దు ఉంది. ఆ ఏడు మా నాయనకు జబ్బు చేసి నాలుగు నెలలు షాపు మూతపడింది. ఆయన చేతిరాతలోనే ఉంది: "పెద్దోని బడి ఫీజు, నాలుగు నెలలు, మాస్టారు కట్టిండు." పెద్దోడు అంటే నేనే. ఎనిమిదో తరగతి. ఆ ఏడు మాస్టారు లెక్కలు తప్పు చేశానని నన్ను బెంచీ ఎక్కించినప్పుడు, "ఈయనకు నేనంటే పడదు" అని ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పాను. మా అమ్మ ఏమీ అనకుండా అన్నం పెట్టింది. ఆమెకు తెలిసే ఉంటుంది.

ఆ మాస్టారు ఇప్పుడు ముందు వరుసలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దని తల అడ్డంగా ఊపుతున్నారు. చెప్పను సార్. కానీ ఒక లెక్క మాత్రం చెప్తాను, తప్పైతే బెంచీ ఎక్కుతాను. చివరి ఏడు, 1994లో, మీ ఖాతాలో నలభై రూపాయలు బాకీ ఉంది. దాని మీద మా నాయన అడ్డంగా గీత కొట్టి "చెల్లు" అని రాసిండు. పక్కన ఏ జమా లేదు. జీవితంలో ఆయన పైసా రాకుండా చెల్లు రాసింది నాకు ఆ ఒక్కటే కనిపించింది.

షాపు మూసే మాట అప్పటికి వాయిదా పడింది. గల్లీ వాళ్లు, పాత స్నేహితులు వచ్చి బురద ఎత్తారు. తడిసిన గాజులు కడుక్కొని కొనుక్కుపోయారు. ఇప్పుడు మా అమ్మాయి మళ్లీ అడుగుతోంది, "నాన్నా, ఇంకెన్నాళ్లు?" అని. నా దగ్గర జవాబు లేదు. సీజన్లు ఫోన్‌లోకి పోయిన మాట నిజం. వాటిని వెనక్కి పిలవలేం. అర్ధరాత్రి సేలులో అన్నీ దొరుకుతాయి. లె.మా. అనే ఖాతా మాత్రం దొరకదు, ఎందుకంటే అక్కడ ఎవరి జూన్ ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

అందుకే సంఘానికి ఒక్క మనవి. నుమాయిష్ పెట్టింది పూర్వ విద్యార్థులే అన్నాను కదా. మనం అంత పెద్దది పెట్టనక్కర్లేదు. ఈ స్వర్ణోత్సవ గుర్తుగా ఒక జూన్ ఖాతా తెరుద్దాం. మన బడిలో ఏ పిల్లకు పుస్తకాలు లేవో, ఎవరికి బూట్లు లేవో టీచర్లకు తెలుసు. వాళ్లు చీటీ రాస్తే చాలు. సరుకు నేను బేగంబజార్ కొన్న ధరకే ఇస్తాను. దసరాలోగా సంఘం చెల్లు వేస్తుంది. ఫొటోలు వద్దు, పంపిణీ సభ వద్దు, పిల్లల పేర్లు ఎక్కడా రావొద్దు. పుస్తకం నా దగ్గర ఉంటుంది. కొత్త ఎర్ర గుడ్డ అట్టది కొన్నాను కూడా, ఇదిగో. మొదటి పేజీలో ఖాతా పేరు రాశాను. లె.మా.

ఈ ఒక్క ఖాతా కోసమైనా వచ్చే జూన్ దాకా షట్టరు ఎత్తుతాను. ఆ పై జూన్ సంగతి అప్పుడు చూసుకుందాం.

కార్యదర్శి గడియారం చూస్తున్నాడు. రిబేటు గడువు ముగిసినట్టుంది.  మాస్టారూ, ఆ నలభై రూపాయల సంగతి మర్చిపోండి. చెల్లు.